మంచిగున్నం బిడ్డా

తెర మీద చెలిమ తండా గడి పసుపు నుంచి పచ్చకు మారడానికి ఒక్క నొక్కు చాలు. ఆ నొక్కు హర్షిత వేలి కొసన ఉంది.

హెడ్‌ఫోను చెవులకు సర్దుకుని నంబరు కలిపింది. మోగుతోంది. అడగాల్సిన ప్రశ్న మానిటరు అంచుకు అతికించి ఉన్నా ఆమె అటు చూడలేదు. నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పగలదు.

"నమస్తే అమ్మా, మండల ఆఫీసు నుంచి మాట్లాడుతున్న. మీ తండాకు నల్లా నీళ్ళు వస్తలేవని ఫిర్యాదు ఇచ్చిండ్రు గదా. మావోళ్ళు వచ్చి పైపు బాగుచేసిండ్రు. మీరు సంతృప్తిగా ఉన్నరా?"

అవతల ముందు గాలి హోరు వినిపించింది. గుట్ట మీద నిలబడితే వచ్చే గాలి. దాని వెనక ఎవరో ఆయాసపడుతూ ఫోను ఒక చెవి నుంచి ఇంకో చెవికి మార్చుకున్న చప్పుడు.

"ఎవలు?" ముసలి ఆడగొంతు.

"ఆఫీసు నుంచి అవ్వా. సోమ్లి గారేనా? మంచిగున్నరా?"

"ఆఁ, మంచిగున్నం బిడ్డా. మంచిగున్నం. నువ్వు మంచిగున్నవా? మీ అమ్మ నాయిన మంచిగున్నరా?"

"అందరం మంచిగున్నం అవ్వా. నీళ్ళ సంగతి…"

"అంతా మంచిగనే ఉన్నది బిడ్డా. అన్నం తిన్నవా?"

"తిన్న."

"ఉంట మరి. సల్లగుండు."

హర్షిత 'సంతృప్తి' మీద నొక్కింది. గోడకు బిగించిన పెద్ద టీవీలో, కుడివైపు పైమూలన, ఉన్న ఒక్క పసుపు గడి కూడా పచ్చబడింది.

ఆ టీవీని ఆఫీసులో అందరూ డాష్‌బోర్డు అంటారు. మండలంలోని ఊళ్ళు, గూడేలు, తండాలు అన్నీ అందులో గళ్ళుగళ్ళుగా ఉంటాయి. ఫిర్యాదు వచ్చి ఎవరూ పట్టించుకోకపోతే గడి ఎర్రగా ఉంటుంది. పని చేశామని ఫొటో పెట్టగానే పసుపవుతుంది. ఫిర్యాదు ఇచ్చినవాళ్ళకు ఫోను చేసి, బాగుందని వాళ్ళ నోటితో అనిపించుకుంటే పచ్చ. ఆ చివరి పనికే హర్షితను కాంట్రాక్టు మీద తీసుకున్నారు.

సూపరింటెండెంటు వెంకటనారాయణ టీ గ్లాసు పట్టుకుని టీవీ ముందు నిలబడ్డాడు. ఆయనది మధిర వైపు. మనిషి మంచివాడే. పొద్దున టీ, సాయంత్రం టీ రెండూ ఆ గళ్ళను చూస్తూనే తాగుతాడు.

"శుక్రవారం హైదరాబాదు నుంచి మేడం గారు వస్తున్నారమ్మా," అన్నాడు. "పచ్చ గళ్ళలో మన మండలమే మొదటి స్థానం కదా, అది చూసి మిగతా జిల్లాల వాళ్ళకి కూడా చూపిస్తారంట. ఒక్క ఎరుపు కనపడకూడదు. పసుపు కూడా వద్దు."

"అన్నీ అయినయి సార్. చెలిమ తండా ఒక్కటే ఉండె. అది గూడ ఇప్పుడే మూసిన."

"శభాష్."

పక్క టేబులు మీద పింఛన్ల పని చూసే రోజారాణి తల ఎత్తకుండానే అంది: "ఈ ఎండలకు మా పొలాలు గూడ గింత పచ్చగ లేవు సార్. ఆ టీవీల రెండు బర్లను తోలితె కడుపు నిండ మేస్తయి."

వెంకటనారాయణ కూడా నవ్వాడు. హర్షిత చెవుల నుంచి హెడ్‌ఫోను తీసి, మెడకు తగిలించుకుని, కుర్చీలో వెనక్కి వాలింది. మండల కేంద్రం నుంచి వచ్చే ఫోన్లలో తిట్లుంటాయి. డ్రైనేజీ తీయలేదని ఒకడు నిన్ననే ఆమె ఏడు తరాలనూ తలుచుకున్నాడు. అడవి వైపు తండాలకు, గూడేలకు చేస్తే మాత్రం ప్రాణానికి హాయిగా ఉంటుంది. అన్నం తిన్నావా అని అడుగుతారు.

ట్యాంకరు వీరన్న పొద్దున్నే కిటికీ దగ్గరికి వస్తాడు. ఏ ఊరికి నీళ్ళు మోయాలో ఆయన ఫోనులోనే పడుతుంది. నీళ్ళ ఫిర్యాదు తెరిచి ఉన్న ఊళ్ళకే బండి. ఆ ఊళ్ళ దూరాన్ని బట్టే డీజిలు. ఫిర్యాదు మూతపడిన మర్నాడు ఆ ఊరు ఆయన ఫోనులోంచి దానంతటదే పోతుంది.

"చెల్లె, గా చెలిమ తండా ఎటువాయె? నా ఫోన్ల కనవడ్తలేదు."

"నీళ్ళొస్తున్నయంట అన్నా. నిన్న నేనే మాట్లాడిన."

"బతికిచ్చినవ్ పో! గా ఎక్కుడుల నా బండి పాణం పోతుండె." ఆయన కిటికీ ఊచలను చేత్తో చరిచి, ఈల వేసుకుంటూ వెళ్ళిపోయాడు.

బుధవారం పొద్దున వచ్చినప్పుడు ఈల లేదు. తువ్వాలతో మెడ తుడుచుకుంటూ కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డాడు.

"నిన్న గా పక్కకెళ్ళి పోయిన చెల్లె. చెలిమ తండా ఆడోళ్ళు బిందెలు పట్టుకొని వాగులకు దిగుతున్నరు. ఇసుకల గుంత తోడుకొని, నీళ్ళు ఊరేదాక సుట్టూ కూసున్నరు."

"బట్టలకేమో అన్నా. బర్లకేమో."

"బర్లకు బిందె మీద గుడ్డ కట్టి వడవోస్తరా?"

హర్షిత ఆయన వెళ్ళాక సోమవారం నాటి రికార్డింగు తీసి విన్నది. గాలి హోరు. ఆయాసం. అంతా మంచిగనే ఉన్నది బిడ్డా. ఇంకోసారి విన్నది. ఆ గొంతులో భయం లేదు, మొహమాటం లేదు. ఎవరో పక్కన నిలబడి అనిపించిన మాట కూడా కాదు.

నీళ్ళు లేని మనిషి అంత నిమ్మళంగా మంచిగున్నం అనగలదా? హర్షిత కొత్తగూడెం కార్మికుల క్వార్టర్లలో పుట్టింది. నల్లా కాస్త ఆలస్యమైతే చాలు, ఆడవాళ్ళంతా ఖాళీ బిందెలు వాయించుకుంటూ రోడ్డు మీదికి వచ్చేవాళ్ళు. వాళ్ళమ్మ గొంతు నాలుగు లైన్ల అవతలికి వినిపించేది. కష్టమంటే అరిచి చెప్పేదనే ఆమెకు తెలుసు. అరవలేదంటే కష్టం లేనట్టే.

మధ్యాహ్నం నుంచి సెలవు రాసిచ్చి, చెలిమ తండా దాటి ఇంకో గూడేనికి పోతున్న వీరన్న ట్యాంకరెక్కింది.

రోడ్డు వదిలాక టేకు చెట్లు మొదలయ్యాయి. ఆకు రాలి, గుడ్డ ఊడిన గొడుగు పుల్లల్లా నిలబడి ఉన్నాయి. ఇప్పపువ్వు వాసన క్యాబిన్‌లోకి తియ్యగా, కొంచెం మత్తుగా వచ్చింది. కల్వర్టు దగ్గర వీరన్న బండి నెమ్మది చేసి కిందికి చూపించాడు. కొత్త నల్ల పైపు ముక్క, దానికి రెండు వైపులా బిగించిన బిళ్ళలు. ఆ ఫొటోను హర్షిత ఆఫీసులో చూసింది. అక్కడి నుంచి బాట నిటారుగా ఎక్కింది. తండా పైన ఉంది.

ఇళ్ళ వెనక కల్లంలో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఎండకు కళ్ళు చెదిరే ఎరుపు. ఆ ఎరుపు అంచున ఇద్దరు ఆడవాళ్ళు కూర్చుని తాలుకాయలు ఏరుతున్నారు. పెద్దామెకు మోచేతుల పైదాకా తెల్లగాజులు. చేతులు కదిలినప్పుడల్లా గలగలమంటున్నాయి.

"సోమ్లవ్వా, నీతోని ఫోన్ల మాట్లాడిన పిల్ల, గీమెనే," అన్నాడు వీరన్న.

సోమ్లి కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కింది నుంచి పైదాకా చూసింది. "గీమెనా! గొంతినంగనే మంచి లావు మనిషనుకున్న. గింత బక్కగున్నవేంది బిడ్డా? ఆఫీసోళ్ళు అన్నం పెడ్తలేరా?"

చిన్నామె ఫక్కున నవ్వింది. ఆమె సోమ్లి కోడలు జమ్లి. పదో తరగతి చదివింది. గ్రామసభలో ఫిర్యాదు రాయించింది ఆమే, అత్త నంబరు మీద. జమ్లి లేచి లోపలికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చింది. హర్షిత తాగుతుంటే అడుగున సన్నటి ఇసుక పాయలా కదిలింది. చెంబు దించేసరికి జమ్లి ఆమె ముఖంలోకే చూస్తోంది.

"నీళ్ళు వస్తున్నయా అవ్వా?" అని అడిగింది హర్షిత.

"అయ్యన్ని ఉంటయి. ముందుగాల కూసో బిడ్డా. ఎండల పడి వచ్చినవ్."

హర్షిత కూర్చుంది. ఊరికే కూర్చోలేక చేతికి అందిన కాయలు ఏరడం మొదలుపెట్టింది. రంగు పోయి తెల్లబారినవి ఒక పక్కకు, ఎర్రనివి ఒక పక్కకు. సోమ్లి ఆమె ఏరినవాటిలోంచి రెండు తీసి మళ్ళీ ఇవతల వేసింది. "గిది తాలు గాదు. ఎండకు గట్ల ఉన్నది, లోపల మంచిగనే ఉంటది." తర్వాత ఆమె ఇంటిపేరు అడిగింది. నాయిన బొగ్గుబాయి పని చేస్తాడా అని అడిగింది. పెళ్ళెప్పుడని అడిగింది. చేతులు ఆగకుండా ఏరుతూనే ఉన్నాయి. హర్షిత వేళ్ళు మండడం మొదలైంది. ఘాటుకు కళ్ళలో నీళ్ళొస్తే మోచేత్తో తుడుచుకుంది.

అప్పుడు సోమ్లి, ఎవరూ అడగకుండానే, వాగు వైపు గడ్డంతో చూపించి అంది: "నీళ్ళేడియి బిడ్డా? పైపు అతికిచ్చిండ్రు, ఫొటో తీసుకున్నరు, పోయిండ్రు. నీళ్ళు ఎత్తు ఎక్కవాయె. కిందనే ఆగినయి. ట్యాంకరన్న వస్తుండె, ఇప్పుడు గదీ లేదు."

"పొద్దున ఒకసారి, మాపున ఒకసారి వాగుకు పోతున్నం," అంది జమ్లి. "గుంత తోడితె ఊరుతందుకే ఎంతసేపో పడ్తది. పోరగాళ్ళకు కడుపునొస్తున్నది. కల్లం ఇడిసిపెట్టి నీళ్ళకు పోతె కోతులొచ్చి పడ్తున్నయి. ట్యాంకరు ఎందుకు బందయిందక్కా?"

హర్షిత చేతిలో ఉన్న కాయ తొడిమ తుంచేసింది.

"అవ్వా, మరి ఫోన్ల అంతా మంచిగున్నదని ఎందుకన్నవు? నువ్వు గట్లన్నందుకే నేను మూసిన. నేను మూసినందుకే బండి బందయింది."

సోమ్లి చేతులు ఆగాయి. ఆమె ముఖంలో కోపం లేదు. ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు చూసింది.

"ఫోన్ల ఇంకేమంటరు బిడ్డా?"

"ఉన్నదున్నట్టు చెప్పాలె గదా?"

"మాకు గీడ సిగ్నలు లేదు. అగో, గా బండ మీదికెక్కితెనే ఇనవడ్తది. ఫోన్ల చెడ్డమాటంటె మాకు చావు కబురే. మా పెద్దోడు పోయిన కబురు గా బండ మీదనే ఇన్న. మల్ల దిగుతందుకు కాళ్ళు రాలె. గప్పటికెళ్ళి ఎవలు జేసినా ముందుగాల మంచిగున్నం అంటం. అవుతలోళ్ళ పాణం అదరొద్దు గదా. నువ్వు ఎవలింటి ఆడపిల్లవో, మంచిగున్నరా అని అడిగినవు. దూరంగున్న పిల్లకు ఫోన్ల కష్టం చెప్తరా ఎవలన్న? కష్టం చెప్పేదుంటె మనిషి గిట్ల ఎదురుంగ కూసోవాలె."

హర్షితకు టీవీ కళ్ళ ముందు కదిలింది. కుడివైపు పైమూల, అడవి వైపు గళ్ళన్నీ. అవన్నీ ఆమె నొక్కినవే. ఒక్కో గొంతు గుర్తొచ్చింది. తిన్నవా బిడ్డా. సల్లగుండు బిడ్డా.

గూడెంలో నీళ్ళు దింపి వచ్చిన వీరన్న హారన్ కొట్టాడు. హర్షిత లేచి, జమ్లికి చెప్పాల్సింది జల్దీగా చెప్పింది. మూసిన ఫిర్యాదును తెరవడం తన చేతుల్లో లేదు. సోమ్లి నంబరు నుంచి ఆఫీసు నంబరుకు మిస్డ్ కాల్ ఇస్తే అది మళ్ళీ వరసలోకి వస్తుంది, తాను మళ్ళీ చేస్తుంది. అప్పుడు నీళ్ళు రావట్లేదని అవ్వ నోటితో చెప్పాలి. అంతే.

"అవ్వా, జర సోచాయించి చెప్పు," అన్నాడు వీరన్న క్యాబిన్‌లోంచి, నవ్వుతూ. "నువ్వు బాగలేదంటె, తప్పుగ మూసిందని ఈమె పేరు మీద ఎర్ర గుర్తు పడ్తది. ఆఖరికి పిల్ల నౌకరి ఊడగొట్టేవు!"

"ఊకో అన్నా! అదేం లేదవ్వా. నువ్వు ఉన్నదున్నట్టు చెప్పు."

సోమ్లి నవ్వలేదు. హర్షిత ముఖంలోకి, మంటకు ఎర్రబడిన ఆమె వేళ్ళ వైపు చూసి, సరేనన్నట్టు తలూపింది.

గురువారం వెంకటనారాయణ ఆమె చెప్పిందంతా విన్నాడు. మధ్యలో ఆపలేదు. విన్నాక హెడ్‌ఫోను తీసి తన చెవులకు పెట్టుకుని, సోమవారం రికార్డింగు పెట్టమన్నాడు.

"ఏమంటుందమ్మా ఆవిడ?"

"మంచిగున్నం అంటున్నది సార్."

"నోరు ఆవిడది, చెవులు నీవి. ఇందులో నీ తప్పేముంది, నా తప్పేముంది?"

"తప్పు సంగతి గాదు సార్. ట్యాంకరు బందయింది."

ఆయన హెడ్‌ఫోను తీసి, వైరు జాగ్రత్తగా చుట్టి, టేబులు మీద పెట్టాడు. "చూడమ్మా. ఈ ఆఫీసు గురించి ఎవరన్నా ఒక్క మంచిమాట అనుకోవడం నా సర్వీసులో ఇదే మొదలు. రేపు ఒక్కరోజు పోనీ. సాయంత్రం వాళ్ళు కారెక్కగానే నువ్వు ఏం చేస్తావో చెయ్యి, నేను అడ్డం రాను. అప్పటిదాకా ఆ నంబరు కలపకు."

"రేపొక్క పూటనే గాదు సార్. రేపు సాయంత్రం తెరిస్తె బండి శనివారమే గదా పోయేది. పోరగాళ్ళు ఇసుక నీళ్ళు తాగుతున్నరు."

"తాగడం ఇవాళ కొత్తా?" అనేసి, ఆ మాట తనకే బాగోలేనట్టు ఆయన కిటికీ వైపు తిరిగాడు. "వెళ్ళమ్మా. పని చూసుకో."

అప్పటికే జమ్లి మిస్డ్ కాల్ ఇచ్చింది. చెలిమ తండా నంబరు వరసలో చేరి, తన వంతు కోసం ఆగి ఉంది.

శుక్రవారం పొద్దున ఆఫీసు ఫినాయిల్ వాసన వేసింది. రోజారాణి కొత్త చీర కట్టుకొచ్చి, "పెండ్లిచూపులు నీకా, టీవీకా పిల్లా?" అని హర్షిత బుగ్గ గిల్లింది. మేడం వచ్చింది. నూలు చీర, కళ్ళజోడు, తక్కువ మాటలు. వెంట ఆ సాఫ్టువేరు తయారుచేసిన కంపెనీ కుర్రాడు, చేతిలో ల్యాప్‌టాపు. వెంకటనారాయణ టీవీ ముందు నిలబడి గళ్ళన్నీ వివరించాడు. మేడం ఆ పచ్చదనాన్ని చాలాసేపు చూసింది.

"ఒక కాల్ నా ముందు చేయండి," అంది. "స్పీకర్‌లో పెట్టండి."

వెంకటనారాయణ హర్షితకు కళ్ళతో ఏదో చెప్పబోయాడు. ఈలోగా కుర్రాడు వంగి, "వరసలో మొదటిది తీసుకుందాం మేడం," అంటూ తనే నొక్కేశాడు. తెర మీద చెలిమ తండా అని పడింది.

రింగు ఆఫీసంతా మోగింది. తర్వాత గాలి హోరు.

"నమస్తే అవ్వా. మండల ఆఫీసు నుంచి హర్షితను."

"ఆఁ బిడ్డా. మంచిగున్నం."

"అవ్వా, నీళ్ళ సంగతి అడుగుతున్న. పైపుల నీళ్ళొస్తున్నయా?"

"అవ్, మంచిగున్నయి. అంతా మంచిగున్నది. ఆఫీసోళ్ళు మంచోళ్ళు. నువ్వు మంచిగ జేస్తున్నవు నీ నౌకరి." చిన్నపిల్ల పాఠం అప్పజెప్పినట్టు గబగబా వచ్చాయి మాటలు. వెనక జమ్లి వాళ్ళ భాషలో కోపంగా ఏదో అంది. సోమ్లి ఆమెను కసిరింది.

మేడం ముఖంలో మొదటిసారి నవ్వు కనిపించింది. కుర్రాడు ఏదో టైపు చేసుకున్నాడు.

తెర మీద రెండు బటన్లున్నాయి. ఇన్ని నెలలుగా హర్షిత విన్న మాటకు తగ్గ బటనే నొక్కింది. ఒక్కసారి కూడా అటుది ఇటు చేయలేదు. మౌసు మీద ఉన్న ఆమె వేళ్ళ కొసలు ఇంకా మంటగానే ఉన్నాయి. బాణం గుర్తును పక్కకు జరిపి, 'సంతృప్తి లేదు' మీద నొక్కింది.

టీవీలో కుడివైపు పైమూలన ఒక గడి ఎర్రబడింది. అంత పచ్చలో అది ఒక్కటే.

"చెయ్యి జారిందా అమ్మా?" అన్నాడు వెంకటనారాయణ, మెల్లిగా.

"లేదు సార్." హర్షిత మైకు దగ్గరికి జరిగింది. "అవ్వా, నీళ్ళు వస్తలేవనే పెట్టిన నేను."

"అయ్యో, వద్దు బిడ్డా!" సోమ్లి గొంతు ఒక్కసారిగా పెరిగింది. పాఠం ఎగిరిపోయింది. "ఎందుకు పెట్టినవ్? నీకు మాటొస్తది. దూపకు మాకు వాగుల గుంత ఉన్నది. వానలు పడేదాక ఎట్లనో ఎల్లదీస్తం, గిన్నేండ్లు ఎల్లదియ్యలేదా? పోరగాళ్ళకు కాగవెట్టి పోస్తం. నీ నౌకరి మీదికి తెచ్చుకోకు. గా ఎర్రది తీసెయ్యి. ఎవలన్న అడిగితె మంచిగున్నం అనే చెప్త, నువ్వేం రంది వెట్టుకోకు."

ఫ్యాను తిరుగుతున్న చప్పుడు.

"ఇంటున్నవా బిడ్డా?"

"ఇంటున్న అవ్వా. తర్వాత చేస్త."

ఫోను ఆగింది. మేడం కళ్ళజోడు తీసి, చీర కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. టీవీ దగ్గరికి నడిచింది. పైమూలన ఎర్ర గడి చుట్టూ ఉన్న పచ్చ గళ్ళను వేలితో చూపించింది.

"ఇవన్నీ ఏ ఊళ్ళు?"

"అడవి వైపు తండాలు, గూడేలు మేడం," అన్నాడు వెంకటనారాయణ.

ఆమె కుర్రాడి వైపు తిరిగింది. "రికార్డింగులో మాట ఒకటి, ఆపరేటర్ పెట్టింది ఇంకొకటి ఉంటే మీ సిస్టం ఏం చేస్తుంది?"

"తేడా పట్టుకుంటుంది మేడం. ఆపరేటర్‌కి మెమో వెళ్తుంది. ఆటోమేటిక్‌గా."

"ఫిర్యాదు?"

"అది… విచారణ అయ్యేదాకా తెరిచే ఉంటుంది."

"ఉండనివ్వండి," అంది మేడం.

శనివారం పొద్దున వీరన్న కిటికీ దగ్గర ఫోను ఊపుతూ కనిపించాడు. చెలిమ తండా మళ్ళీ పడింది. అదే పూట హర్షితకు మెమో కూడా వచ్చింది. పౌరురాలు ఇచ్చిన అభిప్రాయానికి విరుద్ధంగా నమోదు చేసినందుకు సంజాయిషీ ఇవ్వాలి. వీరన్న ఊచల మధ్య నుంచి తల వంచి చదివాడు. అర్థమైనంత వరకు అర్థమైంది. తిన్నగా బండి వైపు నడిచాడు.

హర్షిత సంజాయిషీ రాసింది. ఆమె మంచిగున్నం అన్నది నిజం, నీళ్ళు లేనిది కూడా నిజం, స్వయంగా వెళ్ళి చూశాను అని మూడు ముక్కలు. వెంకటనారాయణ చదివి, పైకి పంపకుండా సొరుగులో పెట్టాడు. దాన్ని గురించి మాట్లాడలేదు. మండలం మొదటి స్థానం నుంచి జారింది. టీ తాగుతూ టీవీ వైపు చూసి, "చూడముచ్చటగా ఉండేది," అని తనలో తను గొణుక్కున్నాడు. రోజారాణి ఆ గొణుగుడు విని హర్షితకు కన్ను గీటింది. కానీ జోకు వేయలేదు.

ఆ వారమంతా హర్షిత పైమూల గళ్ళలో ఒక్కొక్కదానికీ మళ్ళీ ఫోను చేయడానికి అనుమతి అడుగుతూనే ఉంది. "చూద్దాం," అన్నాడాయన. మర్నాడు కూడా చూద్దాం అన్నాడు. ఆ తర్వాత రోజు ఫోను మాట ఎత్తకుండా, అటు వెళ్ళడానికి జీపు ఎప్పుడు ఖాళీగా ఉంటుందో కనుక్కోమన్నాడు.

గురువారం మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీస్తుంటే ఫోను మోగింది. ఆఫీసు నుంచి వెళ్ళిన ఫోను కాదు, బయటి నుంచి వచ్చినది. హర్షిత ఎడంచేత్తో హెడ్‌ఫోను తగిలించుకుంది. గాలి హోరు.

"బిడ్డా, నేను. సోమ్లిని."

"అవ్వా! మంచిగున్నవా?"

"ఏం మంచి? వీరన్న అన్ని చెప్పిండు. నేను మంచిగున్నం అన్నందుకేనట గదా నీకు కాయితం వచ్చింది? మంచిమాటకు గూడ శిక్షేస్తరా మీ తాన! సరే, ఇగ ఇను. పైపోళ్ళు సోమారం వస్తమన్నరు. ఇయ్యాల్టిదాక పత్తా లేరు. ట్యాంకరు నీళ్ళు తుప్పు వాసనొస్తున్నయి, కడుగుమని చెప్తె వీరన్న ఇకిలిస్తుండు. రాసుకుంటున్నవా?"

"రాసుకుంటున్న అవ్వా."

అవతలి గొంతు ఎంత గట్టిగా ఉందంటే, టీవీ ముందు నిలబడిన వెంకటనారాయణకు కూడా వినిపించింది. ఆయన టీ గ్లాసుతో ఇటు తిరిగాడు. "ఎవరమ్మా అది?"

"చెలిమ తండా సార్."

"ఏమంటోంది?"

"తిడుతున్నది సార్," అంది హర్షిత. కీబోర్డు మీద ఆమె వేళ్ళు ఆగలేదు.

"ఎవలతోని మాట్లాడుతున్నవ్ బిడ్డా? ఇటు ఇను," అంది సోమ్లి. "మోతీ వాళ్ళ ఇంటికాడి బోరింగు గూడ చెడిపోయింది. గదీ పెట్టు. జమ్లి ఇంకేందో చెప్తున్నది, ఆగు… ఆఁ, బడికాడ నల్లా. ముందుగాల పైపు సంగతి పెట్టు. ఎర్రగ పెట్టు."